ఆవుపేడ చెరువు, మా ఆయన ఉపన్యాసం

అమెరికాలో, బెంటన్‌విల్‌లో నాకు దొరికిన మొదటి స్నేహితురాలు చేపల కౌంటర్ దగ్గర చీవాట్లు తింటూ దొరికింది. ఆ చీవాట్లలో సగం నావే లెండి. మంచు మీద పరిచిన చేపల్లో ఒకదాని మొప్ప ఎత్తి, ఎరుపుందా లేదా అని నేను చూస్తున్నాను. పక్కనే ఇంకొకావిడ, తలకి రంగురంగుల గుడ్డ చుట్టుకుని, అచ్చంగా అదే పని చేస్తోంది. కౌంటర్ వెనకాయన "మేమ్, ముట్టుకోకూడదు!" అని ఇద్దరికీ కలిపి ఒకటే కేక పెట్టాడు. ముట్టుకోకుండా చేప కొనడమేమిటో, చోద్యం కాకపోతే! ఆవిడ నా వైపు తిరిగి, "ఇది చచ్చి వారమైంది" అంది ఇంగ్లీషులో. "పది రోజులు" అన్నాను నేను. ఇద్దరం చేప కొనకుండానే బయటికొచ్చి, పార్కింగ్‌లో నిలబడి గంటసేపు మాట్లాడుకున్నాం.

అప్పటికి నేను ఆ ఊరొచ్చి ఆరు నెలలు. మా ఆయన అక్కడి పెద్ద దుకాణాల కంపెనీ ఆఫీసులో కాంట్రాక్టరు. నాది డిపెండెంట్ వీసా. ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదని అప్పట్లో రూలు. డ్రైవింగ్ రాదు. కారు నడపడం రాకపోతే ఆ ఊళ్ళో కాళ్ళు లేనట్టే. మా ఆయనేమో సాయంత్రం వచ్చి, "నీకేంటోయ్, రోజంతా రెస్టే కదా" అనేవారు, అదేదో తానిచ్చిన వరమన్నట్టు. ఆ రెస్టు తీసుకుని తీసుకుని నాకు పిచ్చెక్కిపోతోంది.

ఆవిడది ఆఫ్రికాలో మలావీ. అక్కడ చిన్న చిన్న రైతులకి చేపల పెంపకం నేర్పడం ఆవిడ ఉద్యోగం. చిన్న రైతులంటే మరీ చిన్నవాళ్ళు. ఎకరమో, అరెకరమో మొక్కజొన్న చేను, ఇంటి వెనక మన వాకిలంత చెరువు. నేను ఆవిడని టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. దానర్థం చెప్పాక ఆవిడ మహా మురిసిపోయి, నన్ను సిస్టర్ అనడం మొదలెట్టింది.

టీచరమ్మ మా అర్కాన్సా రాష్ట్రం దాకా ఎందుకొచ్చిందంటే, దానికో కథ ఉంది. ఇక్కడ ఊరవతల ఉన్న ఒక చర్చివాళ్ళు కొన్నేళ్ళ కిందట మలావీలో ఈవిడ జిల్లాలో చెరువులు తవ్వించి, బస్తాల్లో మేత పంపించారట. బస్తాలు వచ్చినన్నాళ్ళూ చేపలు బాగానే పెరిగాయి. తర్వాత బస్తాలు ఆగిపోయాయి. మేత కొనే స్తోమత అక్కడ ఎవరికుంది? చెరువుల్లో చేపలు పోయి కప్పలు చేరాయి. అందులో ఒకటి టీచరమ్మ వాళ్ళమ్మ చెరువు. ఇప్పుడా చర్చి కమిటీ మళ్ళీ బస్తాలే పంపుతామంటోంది. ఈవిడ అడ్డం పడింది. "బస్తా అక్కర్లేదు. గడ్డి, పేడ, వంటింటి తుక్కు చాలు. ఒక్క సీజన్ మీ కళ్ళ ముందే పెంచి చూపిస్తాను" అందట. సరే రమ్మన్నారు. సెప్టెంబరు ఆఖర్న వల లాగిన రోజు కమిటీ వచ్చి చూస్తుంది, చేప తిని చూస్తుంది, అక్కడికక్కడే తేల్చేస్తుంది. నచ్చకపోతే మళ్ళీ బస్తాలే. ఆ బస్తాలు ఇంటింటికీ తిరిగి అంటగట్టే డ్యూటీ కూడా ఈవిడదే.

"మా అమ్మ దగ్గరికెళ్ళి, మళ్ళీ బస్తా తీసుకోమ్మా అని నేనే చెప్పాలి సిస్టర్" అంది. నవ్వుతూనే అంది. నేనూ వస్తాను, నాక్కూడా పని చెప్పు అన్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకి సంగతి చెప్పాను, పెంచేది తిలాపియా చేపలని కూడా. ఆయన ముద్ద ఆపి మరీ నవ్వారు.

"తిలాపియానా? మా నాన్న చెరువుల్లో అది పడితే ఏరి గట్టు మీదకి విసిరేస్తారే. అదసలు చేపల్లో లెక్కే కాదు."

"మీరెప్పుడైనా చెరువులో దిగారేంటండీ?"

"దిగక్కర్లేదు. మాది గోదావరి జిల్లా. ఆ గాలి పీలిస్తే చాలు, నాలెడ్జ్ అదే వచ్చేస్తుంది."

ఆ గాలి నేనూ పీల్చాను. మా పుట్టింటిదీ రెండెకరాల చెరువు. మా మావగారివి నలభై ఎకరాలు. కానీ మా ఆయన చిన్నప్పుడు, కాళ్ళకి బురద అంటుతుందని గట్టు మీద స్కూటర్ దిగేవారు కాదని సాక్షాత్తు మా అత్తగారే చెప్పారు. ఆ మాట గుర్తు చేస్తే ఆయనకి వెంటనే ఆఫీసు కాల్ ఏదో ఉందని గుర్తొచ్చింది.

టీచరమ్మకి ఇచ్చిన చెరువు ఒక ముసలి రైతుది, ఊరికి అరగంట దూరంలో. ఆయన ఆవుల కోసం తవ్వించుకున్నది. వారానికి నాలుగు రోజులు టీచరమ్మ ఆ రైతు పాత పికప్ ట్రక్కు వేసుకొచ్చి నన్ను ఎక్కించుకునేది. చెరువులో ఒక మూల కర్రలు పాతి చిన్న దడి కట్టాం. ఆ దడిలో కోసిన గడ్డి, ఎండాకులు, పేడ పొరలు పొరలుగా వేసేవాళ్ళం. అది నీళ్ళలో మెల్లగా కుళ్ళి, నీళ్ళు పచ్చగా మారతాయి. ఆ పచ్చదనమే చేపకి తిండి. ఏ కంపెనీవాడూ బిల్లు వెయ్యని తిండి.

ఎంత వెయ్యాలో తెలుసుకోవడానికి ఆవిడ దగ్గర మీటర్లూ గీటర్లూ లేవు. మోచెయ్యి మునిగేదాకా చెయ్యి నీళ్ళలో పెట్టాలి. అరచెయ్యి కనబడుతోందా, చెరువు ఆకలిగా ఉన్నట్టు. కనబడటం లేదా, ఇంక చాలు. కానీ మనవాళ్ళకి ఒకటే జబ్బు కదా, ఎవరికైనా పెట్టడం మొదలెడితే చాలనడం రాదు. తట్ట మీద తట్ట నేను పేడ మోసుకొస్తుంటే టీచరమ్మ నా చెయ్యి పట్టుకు ఆపేది. "సిస్టర్, పెళ్ళికొడుక్కి వడ్డిస్తున్నావా? ఎక్కువైతే ఊపిరాడక చస్తాయి" అనేది. నాకు రోషం వచ్చేది. వడ్డన దగ్గర నాకు వంకపెట్టిన మనిషి అంతకు ముందు లేరు.

శనివారాలు మా ఆయన కూడా వచ్చేవారు. ఆయన రావడమంటే ఏమిటనుకున్నారు? మడత కుర్చీ, నల్లకళ్ళద్దాలు, చేతిలో కాఫీ, నోట్లో ఉపన్యాసం. "నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ తిప్పాలి. నీళ్ళు టెస్ట్ చేయించాలి. మేత లేకుండా చేప ఎలా సైజుకొస్తుంది?" అని నాకు తెలుగులోనూ ఆవిడకి ఇంగ్లీషులోనూ చెప్పేవారు. ఒక శనివారం ఏకంగా మేత బస్తా ఒకటి కొనుక్కొచ్చి గట్టు మీద పెట్టారు, గిఫ్ట్ అని. టీచరమ్మ ఆ బస్తాని అటూ ఇటూ తట్టి చూసింది. "చాలా థాంక్స్ బ్రదర్. ఎత్తు సరిగ్గా సరిపోయింది" అని దాని మీద కూర్చుని, మధ్యాన్నం అన్నం డబ్బా విప్పింది.

"ఆవిడ నన్ను ఎక్కిరిస్తోందంటావా?" అన్నారు ఆయన, నాకు మాత్రమే వినబడేలా.

"ఛఛ, గౌరవించింది. మా పుట్టింట్లో మిమ్మల్ని గౌరవిస్తారే, అలాగే."

ఇంకోసారి పికప్ మొరాయించింది. పక్క పొలం నుంచి పేడ తేవాలి. నేను తాళం తీసి, మా కారు డిక్కీలో ప్లాస్టిక్ పరిచి తట్టలు సర్దేశాను. మా ఆయన మొహం చూడాలి అప్పుడు! "నా కార్‌లో పేడా! రీసేల్ వేల్యూ ఏమైపోవాలే?" అని నెత్తీ నోరూ బాదుకున్నారు. సోమవారం ఆఫీసులో లిఫ్టు ఎక్కితే పక్కవాళ్ళు దిగిపోయారని నెల్లాళ్ళు సణిగారు. అది మాత్రం కోతే. చొక్కాని నేనే రెండుసార్లు ఉతికాను.

అయితే ఒకటి చెప్పాలి. ఆగస్టులో ఒక సాయంత్రం నేనూ టీచరమ్మా దడి అవతల గడ్డి కోస్తూ తలెత్తి చూస్తే, ఈయన ఇస్త్రీ చొక్కా మోచేతి పైకి మడిచి, గట్టు మీద బోర్లా పడుకుని, నీళ్ళలో చెయ్యి పెట్టి చూసుకుంటున్నారు. మేం చూడలేదన్నట్టు ఊరుకున్నాం. కొంచెంసేపటికి ఆయనే వచ్చి, "అరచెయ్యి కనబడుతోంది, ఒక తట్ట వేయండి" అని చెప్పి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అంతే, ఇంక ఆ రోజుకి ఉపన్యాసం లేదు.

వల లాగే రోజు రానే వచ్చింది. కమిటీ నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్ళకి పెద్ద, తెల్ల జుట్టావిడ, ఒకప్పుడు స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనావిడ. ఆవిడ పక్కన పొడుగాటి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బస్తాలే పంపాలని మొదట్నించీ పట్టుబడుతున్నది ఆయనే. మా ఆయన ఆఫీసు తెలుగువాళ్ళు కూడా నాలుగు కార్లలో దిగారు, పులిహోర డబ్బాలతో, కుర్చీలతో, పిల్లలతో. పిల్లల్లో ఒకతి నా కొంగు పట్టుకుని, "ఆంటీ, ఆ ఫిష్ నన్నే చూస్తుంది, ఐ యామ్ నాట్ ఈటింగ్ హిమ్" అని అప్పుడే సత్యాగ్రహం మొదలెట్టింది.

మగవాళ్ళు ప్యాంట్లు మడిచి నీళ్ళలో దిగారు. మా ఆయన గట్టు మీంచి డైరెక్షన్ ఇచ్చారు. వల ఒడ్డుకొచ్చేసరికి నీళ్ళు ఒక్కసారిగా ఉడికినట్టయ్యాయి. అరచేతి వెడల్పు చేపలు, బూడిదరంగు వీపులతో, తళతళా ఎగిరిపడుతున్నాయి. ముసలి రైతు టోపీ తీసేశాడు. టీచరమ్మ ఒక చేపని రెండు చేతుల్లో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయింది. నాకు ఆనందం ఆగక మా ఆయన వీపు మీద ఒకటేశాను.

పొయ్యి వెలిగించి టీచరమ్మే వేపుడు మొదలెట్టింది. పక్కన మొక్కజొన్న పిండి ముద్ద, మన సంకటి లాంటిది. కమిటీవాళ్ళు పళ్ళేలు పట్టుకుని కూర్చున్నారు. చర్చివాళ్ళు మైకు కూడా తెచ్చారు. తెల్ల జుట్టావిడ మైకందుకుని, "మన మధ్య ఇండియాలో చేపల చెరువుల సీమ నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఆయన రెండు మాటలు..." అంటూండగానే మా ఆయన వెళ్ళి మైకు అందుకున్నారు. రెండు మాటలట! మా ఆయన సంగతి ఆవిడకేం తెలుసు, పాపం.

మొదలైంది ఉపన్యాసం. నలభై ఎకరాలు, ఐసు లారీలు, కలకత్తా మార్కెట్టు. జనం బాగానే వింటున్నారు. అప్పుడా బస్తాల పెద్దమనిషి మర్యాదకే అడిగాడు, "మీ చెరువు చేప మీ ఇంట్లో ఎలా వండుతారు?" అని.

"అబ్బే, చెరువు చేప మా ఇంట్లో తినం" అన్నారు మా ఆయన, మైకులో, నవ్వుతూ.

నిజమే. మా వైపు చాలా ఇళ్ళల్లో అంతే. చెరువు చేప లారీ ఎక్కడానికి, ఇంట్లో కూరకి కాలవ చేపో సముద్రపు చేపో తెప్పించుకుంటారు. మా పుట్టింట్లోనూ అంతే. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కానీ అన్ని నిజాలూ మైకులో చెప్పాలా? ఆ మాటతో నోటిదాకా వెళ్ళిన ఫోర్కు ఒకటి వెనక్కి దిగింది. పెద్దమనిషి పళ్ళెం కింద పెట్టేశాడు.

"విన్నారుగా," అన్నాడు కమిటీ వైపు తిరిగి, "పెంచేవాళ్ళే తినరట. పైగా ఇది పేడలో పెరిగింది. శుభ్రమైన మేత బస్తాలు మనం పంపగలిగినప్పుడు, ఆ పేదవాళ్ళకి ఇది పెట్టమంటారా?"

టీచరమ్మ పెనం ముందు నిలబడే ఉంది. చేప ఒకవైపు మాడుతోంది, ఆవిడ తిరగెయ్యలేదు. ఎండాకాలమంతా ఎండలో నా పక్కన పేడ పిసికిన మనిషి. వాళ్ళమ్మ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది? నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏవండీ, ముందా మైకు కింద పెట్టండి!" అని అరిచాను.

"నేనేం అబద్ధం చెప్పానే? నిజమే కదా!"

"మీ నిజం తగలెయ్య! ఆవిడ కొంప ముంచారు!"

తెలుగు తెలియని కమిటీ మొత్తానికి ఆ తెలుగు బాగానే అర్థమైంది. తెల్ల జుట్టావిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. మా ఆయన్ని అడిగింది, "ఎందుకు తినరు? రుచిగా ఉండదా?" అని. క్లాసులో పిల్లాణ్ణి అడిగినట్టే అడిగింది, కోపమేమీ లేకుండా.

మా ఆయన బుద్ధిగా ఆలోచించారు. "రుచి సంగతి కాదండీ. ఏమేం వేస్తామో మాకు తెలుసు కదా. మేత సరే. చేపకి పేను పడితే ఒక మందు. నీళ్ళు పాడైతే ఇంకో మందు. తెగులొస్తే మేతలో కలిపే మందు. వానలప్పుడు వేరే. అదంతా సైంటిఫిక్‌గా..." అని వేళ్ళు ముడుస్తూ చెప్పుకుపోతున్నవారు, ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికి వచ్చేసరికి గొంతు తగ్గించారు.

"ఆ చేపలు కొనుక్కునేవాళ్ళు తింటారు కదా మరి?" అంది ఆవిడ.

మా ఆయన మైకు వైపు చూశారు. నా వైపు చూశారు.

తెల్ల జుట్టావిడ టీచరమ్మ వైపు తిరిగింది. "నువ్వేం వేశావమ్మా?"

టీచరమ్మ చేతిలో గరిటతోనే కంచె వైపు చూపించింది. అక్కడ ఆవు నిలబడి, ఈ గొడవతో తనకేం పనన్నట్టు నెమరేస్తోంది. "అదీ, గడ్డీ" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీ ఊళ్ళో ఈ చేప ఎవరు తింటారు?"

"ముందు పిల్లలు. తర్వాత మా అమ్మ. మిగిలితే బజారుకి పంపుతాం" అంది టీచరమ్మ. "మేం వేసింది మాకు తెలుసు కాబట్టే తింటామమ్మా. బస్తాలో ఏముందో మా అమ్మకి తెలీదు. అది ఎప్పుడు ఆగిపోతుందో కూడా తెలీదు."

మా ఆయన మైకు బల్ల మీద పెట్టేసి, నెమ్మదిగా పొయ్యి దగ్గరికి వచ్చారు. పళ్ళెం తీసుకుని టీచరమ్మ ముందు చాపారు. ఆవిడ మాడినదాన్ని పక్కకి తోసి మంచిది వెయ్యబోతే, "అదే వేయండి" అన్నారు. అక్కడే గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తెల్ల జుట్టావిడా, మిగతావాళ్ళూ ఆయన చేతివైపే చూస్తున్నారు. ముల్లు తియ్యడంలో మా ఆయనకి సాటి లేరు లెండి, ఆ ఒక్క విద్యా ఉంది. ఒక పక్క ఒలిచి తిన్నారు. తిరగేసి రెండో పక్కా తిన్నారు. తల కూడా చీకారు. లేచి వెళ్ళి రెండోది వేయించుకున్నారు.

తెల్ల జుట్టావిడ ఇంక ఆగలేదు. ఫోర్కు పక్కన పడేసి, ఆయన్ని చూసి వేళ్ళతోనే మొదలెట్టింది. ఒకరి తర్వాత ఒకరు మిగతా నలుగురూ కానిచ్చారు. చివరికి పెద్దమనిషి కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకుని, బాగుందని ఒప్పుకోవడం ఇష్టం లేక, ఉప్పు తక్కువైందన్నాడు. చేప తననే చూస్తోందన్న సత్యాగ్రహి పిల్ల కూడా రెండు తినేసింది.

పళ్ళేలు కడగకముందే తేల్చేశారు. బస్తాలు వద్దు. టీచరమ్మ జిల్లాలో చెరువులన్నీ టీచరమ్మ పద్ధతిలోనే. తెల్ల జుట్టావిడ ఆ మాట చెప్పగానే టీచరమ్మ నడుముకి చుట్టుకున్న గుడ్డ అంచుతో మొహం కప్పుకుని నేల మీద కూలబడింది. నేను పక్కన కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేశాను. ఏడుపు మాత్రం ఆవిడ కంటే నేనే ఎక్కువ ఏడ్చాను.

జనం కార్లెక్కి వెళ్ళిపోయారు. మా ఆయన మాత్రం పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో అలాగే కూర్చుని ఉన్నారు. నాకు కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు.

"ఏంటండీ, ముల్లు గుచ్చుకుందా?" అన్నాను.

ఎప్పటిలా ఎదురు మాట వస్తుందనుకున్నాను. రాలేదు.

"నా ఇంజనీరింగ్ చదువూ, మన పెళ్ళీ, ఈ అమెరికా టికెట్టూ, అన్నీ ఆ చెరువులే కదే" అన్నారు పళ్ళెంలోకి చూస్తూ. "మా చేప ఎలా ఉంటుందో నాకు తెలీదు. నాన్న ఒక్కసారి కూడా నన్ను తిననివ్వలేదు. పై ఊళ్ళన్నిటికీ అమ్మారు."

టీచరమ్మకి తెలుగు రాదు. ఆయన మొహం చూసిందంతే. పెనంలో మిగిలిన ఆఖరి చేప తీసుకొచ్చి ఆయన పళ్ళెంలో పెట్టింది.